జాజ్ రికార్డింగు విని సొంత మాట చెప్పడం ఎలా?

నన్ను తిప్పి తిప్పి మూడే ప్రశ్నలు అడుగుతుంటారు. ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? వీళ్ళలో ఎవరు గొప్ప? అందరూ ఆహా ఓహో అంటున్నారు, నాకేమీ అనిపించడం లేదు, లోపం నాలోనే ఉందా?

మూడింటికీ నా జవాబు ఒకటే. లెక్కపెట్టడం నేర్చుకోండి. పాట ఎక్కడ మొదలై, ఎక్కడ తిరిగి మొదటికొస్తోందో తెలియనంతవరకు జాజ్ సోలో (ఒక్కరే ముందుకొచ్చి అప్పటికప్పుడు అల్లి వాయించేది) ఎవరిదైనా గాలిలో ఎగిరే కాగితంలాగే ఉంటుంది. ఆ చుట్టు చెవికి దొరికాక వాయించేవాడు ఎంత ధైర్యం చేశాడో, ఎక్కడ తప్పించుకున్నాడో మీకే తెలిసిపోతుంది. అప్పుడు ఇంకొకరి జాబితాతో పనుండదు, నా జాబితాతో సహా.

కావలసినవి

హెడ్‌ఫోన్లు. ఖరీదైనవి అక్కర్లేదు గానీ, ఫోన్ స్పీకర్ మాత్రం వద్దు. అందులో బేస్, అంటే అడుగున మందంగా మోగే పెద్ద తీగవాద్యం, మాయమైపోతుంది. బేస్ వినపడకపోతే కింద రాసిందంతా దండగ.

ఒక నోటు పుస్తకం, పెన్ను. సమయాలు రాసుకోవాలి.

మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లోని మొదటి రెండు పాటలు, ‘సో వాట్’, ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’. వీటితోపాటు ‘ఆటమ్ లీవ్స్’ రెండు రికార్డింగులు. అవేవో తర్వాత చెబుతాను.

కదలకుండా కూర్చోగలిగే పది నిమిషాలు. వంట చేస్తూనో, మెయిళ్ళు చూస్తూనో వినే జాజ్ వేరు. అదీ బాగానే ఉంటుంది, ఈ పనికి మాత్రం పనికిరాదు.

స్వరలిపి రానక్కర్లేదు. ఏ వాద్యమూ వాయించడం రానక్కర్లేదు. నాకూ రాదు.

1. ముందు బేస్‌ను పట్టుకోండి

‘సో వాట్’ పెట్టండి. మొదట్లో బేస్, పియానో నింపాదిగా, తాళం తెలియకుండా ఏదో మాట్లాడుకుంటాయి. దాన్ని వదిలేయండి. తర్వాత బేస్ ఒక ప్రశ్న అడిగినట్టు పలుకుతుంది, మిగతావాళ్ళు రెండు కార్డులతో (కార్డ్ అంటే కొన్ని స్వరాలను ఒక్కసారిగా కలిపి మోగించడం) జవాబిస్తారు. అదే పాట. ఒకటిన్నర నిమిషం దాటాక ట్రంపెట్ సోలో మొదలవుతుంది. అక్కడి నుంచి పాల్ చేంబర్స్ బేస్ ఒక్కో బీట్‌కు ఒక్కో అడుగు చొప్పున నడుస్తూ పోతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ నాలుగు అడుగులు ఒక బార్.

మొదటిసారి ట్రంపెట్‌ను పట్టించుకోకండి. బేస్ ఒక్కటే వినండి. పాట పూర్తయ్యేదాకా దాని వెనకే నడవండి.

జాగ్రత్త: చిటిక వేయాలనిపిస్తే ఒకటి, మూడు మీద వేయకండి. చాలామంది ఇక్కడే జారతారు. ఈ రకం జాజ్‌లో బరువు రెండు, నాలుగు మీద ఉంటుంది. డ్రమ్మర్ ఎడమ కాలి కింద రెండు చిన్న సింబల్స్ (కంచు పళ్ళాలు) ‘చిక్’మని మూసుకునేది ఆ రెండు చోట్లే. ఆ ‘చిక్’ పక్కన మీ చిటిక పడితే పాట తేలిగ్గా ఊగుతుంది. ఒకటి, మూడు మీద పడితే కవాతులా తయారవుతుంది. తేడా ఒంటికే తెలుస్తుంది.

బేస్ ఎంతకీ దొరకకపోతే ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’తో ప్రయత్నించండి. అక్కడ నడక ఇంకా స్పష్టంగా ఉంటుంది.

2. చుట్టు లెక్కపెట్టండి

జాజ్‌లో ‘కోరస్’ అంటే అందరూ కలిసి పాడే పల్లవి కాదు. పాట మొత్తం ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా తిరిగి రావడం. నేను దాన్ని చుట్టు అంటాను. సోలో వాయించేవాళ్ళు ఈ చుట్టు మీదే తిరుగుతారు. పైన రాగం మారుతుంది, కింద చుట్టు మారదు. అంతకంటే సిద్ధాంతం అక్కర్లేదు.

‘సో వాట్’ చుట్టు 32 బార్లు, అంటే నాలుగు ఎనిమిదులు. మొదటి రెండు ఎనిమిదులూ ఒకే చోట ఉంటాయి. మూడో ఎనిమిదిలో అందరూ కలిసి సరిగ్గా అర స్వరం పైకి జరుగుతారు. నాలుగో ఎనిమిదికి మళ్ళీ కిందికి దిగుతారు. ఈ పాటను ఎంచుకున్నది ఇందుకే. మీ లెక్క తప్పిందో లేదో పాటే చెప్పేస్తుంది.

ఇలా చేయండి. ట్రంపెట్ సోలో మొదలయ్యేచోట డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక గట్టి దెబ్బ వేస్తాడు, అది చాలాసేపు మోగుతూ ఉంటుంది. ఆ దెబ్బే మీ ‘ఒకటి’. అక్కడి నుంచి బార్లను వేళ్ళ మీద లెక్కపెట్టండి: ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు... ఇలా ఎనిమిది దాకా. ఎనిమిదైతే కాగితం మీద ఒక గీత. రెండు గీతలయ్యాక అర స్వరం పైకి జరిగినట్టు వినిపించాలి. మూడో గీత తర్వాత కిందికి దిగాలి. నాలుగో గీతతో చుట్టు పూర్తి. ఒక్కో చుట్టు నిమిషానికి కాస్త తక్కువ పడుతుంది.

పైకి జరగడం మీరు అనుకున్నదానికంటే ముందే వచ్చేసిందా? మధ్యలో ఒక బార్ మింగేశారన్నమాట. ఆలస్యంగా వచ్చిందా? ఏదో ఒక బార్‌ను రెండుసార్లు లెక్కపెట్టారు. రెండు సందర్భాల్లోనూ ఆపి వెనక్కి పోకండి. ఆ జరిగిన చోటునే ‘మూడో ఎనిమిది, ఒకటి’ అనుకుని కొనసాగండి. తప్పిపోయి మళ్ళీ దారిలో పడటం కూడా నేర్చుకోవలసిన విద్యే. వేదిక మీద వాళ్ళకూ అప్పుడప్పుడు అదే గతి.

అసలు ఆ మార్పే వినపడటం లేదంటారా? సోలోను వదిలి మొదట్లో బేస్ పాటను వాయించే చుట్టు వినండి. అక్కడ ప్రశ్న, జవాబు రెండూ ఒక్కసారిగా పైకి జరుగుతాయి కాబట్టి దొరకకుండా పోదు.

ఇది కుదిరాక ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’కి రండి. అది బ్లూస్ అనే అచ్చులోది, చుట్టు 12 బార్లే. మొదట పాటను రెండు చుట్లు వాయించి సోలోల్లోకి వెళతారు. ఈ 12 బార్ల లెక్క ఒక్కటి వంటబడితే జాజ్‌లో చాలా తలుపులు తెరుచుకుంటాయి.

3. ఎవరు ఎప్పుడు వాయిస్తున్నారో రాయండి

‘సో వాట్’లో వరస ఇది: డేవిస్ ట్రంపెట్, తర్వాత జాన్ కోల్ట్రేన్ టెనర్ శాక్సోఫోన్, తర్వాత కానన్‌బాల్ ఆడర్లీ ఆల్టో శాక్సోఫోన్, చివర బిల్ ఇవాన్స్ పియానో. మొదటి ముగ్గురికీ తలా రెండు చుట్లు. ఏ నిమిషం, ఏ సెకను దగ్గర చేతులు మారుతున్నాయో మీరే విని పుస్తకంలో ఎక్కించండి.

రెండు శాక్సోఫోన్లూ ఒకటే అనిపిస్తే కంగారు పడకండి. ఆల్టో గొంతు సన్నన, టెనర్ బొంగురు. కానీ ఆ గుర్తు ఒక్కటే నమ్ముకుంటే మోసపోతారు, ఎందుకంటే కోల్ట్రేన్ తరచూ టెనర్ పై అంచుల్లోనే తిరుగుతుంటాడు. నా గుర్తు వేరు. కోల్ట్రేన్ శబ్దానికి అంచు ఉంటుంది, వణుకు దాదాపు ఉండదు, ఏదో వెతుకుతున్న మనిషిలా వాయిస్తాడు. ఆడర్లీ శబ్దం గుండ్రంగా, నవ్వు మొహంతో ఉంటుంది. వెతికేది ఏమీ లేదు, దొరికింది పంచిపెడుతున్నాడు.

ఇక్కడ నా తలవంపుల కథ ఒకటి చెప్పాలి. ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’లో మొదటి సోలో పియానోది. హాయిగా, కొంటెగా సాగుతుంది. అది బిల్ ఇవాన్సే అనుకుని ‘ఇవాన్స్‌లో బ్లూస్ లేదనేవాళ్ళు ఇది వినాలి’ అంటూ రెండు పేజీలు రాసి స్నేహితులకు పంపాను. ఒకాయన నింపాదిగా ఒకే వాక్యం రాశాడు: ‘అది వింటన్ కెల్లీ అండి.’ నిజమే. ఆ ఆల్బమ్‌లో ఆ ఒక్క పాటకు పియానో కెల్లీది, మిగతావి ఇవాన్స్‌వి. చెవి చెప్పాల్సిన మాటను అట్ట మీద పేరు చూసి చెప్పాను. అట్టయినా పూర్తిగా చదవలేదు. అందుకే ఈ మెట్టు దాటవేయొద్దని ఇంత గట్టిగా అంటున్నాను.

4. ఒక సోలోను కంఠస్థం చేయండి

డేవిస్ రెండు చుట్లనూ వారం రోజులు, రోజుకొకసారి వినండి. ఎనిమిది చుట్లు తిరిగే సోలో అయితే ఈ పని కుదరదు. ఇది కుదురుతుంది, ఎందుకంటే ఆయన వాయించినదెంతో వదిలినదీ అంతే. రెండు మూడు స్వరాలు, ఆపడం, వాటినే కాస్త మార్చి మళ్ళీ అనడం. ఆ ఖాళీల్లో బేస్ నడుస్తూనే ఉంటుంది. నాలుగో రోజుకి ఖాళీ ఎంతసేపో కూడా మీకు తెలిసిపోతుంది.

పరీక్ష ఏమిటంటే, హెడ్‌ఫోన్లు తీసేసి కూనిరాగం తీయండి. స్వరాలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగగలిగారా? పైకి జరిగే చోట మీ గొంతు పైకి జరిగిందా? జరిగితే చాలు.

చాలామంది చేసే తప్పు ‘జయంట్ స్టెప్స్’తో మొదలుపెట్టడం. అది కోల్ట్రేన్ 1959లో చేసిన రికార్డింగు. కార్డులు ఎంత వేగంగా, ఎంత దూరం గెంతుతాయంటే, టామీ ఫ్లానగన్ అంతటి పియానిస్టే తన సోలోలో తడబడి, చివరికి ఉత్త కార్డులు వాయించి గట్టెక్కాడు. రికార్డులో అది వినిపిస్తూనే ఉంటుంది. నాకు ఆ తడబాటు ఇష్టం. కానీ కొత్త చెవికి అది మొదటి పాఠం కాదు.

5. ఒకే పాట, రెండు రికార్డింగులు

అసలు అభిప్రాయం ఏర్పడేది ఇక్కడే. ఒక్క రికార్డింగు విని ‘బాగుంది’ అనగలం, అంతే. పక్కన రెండోది పెడితేనే ఎందుకో చెప్పగలం.

జోసెఫ్ కోస్మా స్వరపరచిన ‘ఆటమ్ లీవ్స్’ తీసుకోండి. దీని చుట్టు కూడా 32 బార్లే. మొదటిది ఆడర్లీ ఆల్బమ్ ‘సమ్‌థిన్ ఎల్స్’లోది, 1958 మార్చి నాటిది. రెండోది బిల్ ఇవాన్స్ ముగ్గురి బృందం ‘పోర్ట్రెయిట్ ఇన్ జాజ్’లోది, 1959 డిసెంబరు నాటిది.

మొదట ఆడర్లీది. ఒక గంభీరమైన ఉపోద్ఘాతం, అదయ్యాక డేవిస్ ట్రంపెట్‌కు మ్యూట్ (శబ్దాన్ని అణచే మూత) బిగించి, మైకుకు దగ్గరగా నిలబడి పాటను చెబుతాడు. చెవిలో గుసగుస చెప్పినట్టుంటుంది. ఆల్బమ్ ఆడర్లీదే, అయినా పాటను చెప్పే పని డేవిస్‌కు దక్కింది. ఇక్కడ పనుల పంపకం స్పష్టం. బేస్, డ్రమ్స్ నేల పరుస్తాయి, పైన ఒక్కొక్కరూ వచ్చి మాట్లాడి వెళతారు.

ఇప్పుడు ఇవాన్స్‌ది. నిడివి దాదాపు సగం. పాట చెప్పడం అయిపోగానే ఒక వింత జరుగుతుంది. నడవాల్సిన బేస్ నడవడం మానేస్తుంది. బేస్ వాయించే స్కాట్ లఫారో ఒక మాట అంటాడు, ఇవాన్స్ జవాబిస్తాడు, డ్రమ్మర్ పాల్ మోషన్ మధ్యలో ఒక దెబ్బతో తల ఊపుతాడు. మీ లెక్క తప్పే అవకాశం ఎక్కువ. తప్పినా మనసులో నాలుగు కొడుతూనే ఉండండి, ఎందుకంటే కింద చుట్టు ఆగలేదు. కాసేపటికి బేస్ మళ్ళీ నడక అందుకుంటుంది. ఆ క్షణాన పాటంతా ఒక్కసారి ముందుకు దూకినట్టుంటుంది. అంతసేపూ నడక లేకుండా దాచిపెట్టింది ఆ దూకుడు కోసమే అనిపిస్తుంది.

రెండోది పెట్టేటప్పుడు ‘ఏది మంచిది’ అని అడగకండి. ‘బేస్ ఏం చేస్తోంది’ అని అడగండి. జవాబు దానంతటదే వస్తుంది.

వేరే జత కావాలంటే ‘బాడీ అండ్ సోల్’ తీసుకోండి. కోల్‌మన్ హాకిన్స్ టెనర్ మీద 1939 అక్టోబరు 11న వాయించినది ఒకవైపు, 1960లో కోల్ట్రేన్ వాయించినది మరోవైపు. హాకిన్స్ మొదటి కొద్ది బార్లలో పాటను పలకరించి వదిలేస్తాడు, ఇక మళ్ళీ దాని మొహం చూడడు. రెండు చుట్లు, మూడు నిమిషాలు, అంతే. పాటను పాడకుండా పాటను ఇంత పూర్తిగా చెప్పిన రికార్డింగు నాకు ఇంకొకటి తెలియదు. పాట అసలు ఎలా ఉంటుందో తెలియకపోతే ఈ సాహసం మీకు అందదు కాబట్టి, ముందు బిల్లీ హాలిడే పాడినది రెండుసార్లు విని రండి.

6. వాక్యం రాయండి, సమయం వేయండి

‘అద్భుతం’, ‘ఆత్మ ఉంది’, ‘లోతుగా ఉంది’. ఈ మూడింటినీ నా పుస్తకంలో నిషేధించాను. ఎవరి గురించైనా అనొచ్చు కాబట్టి అవి ఎవరి గురించీ కావు.

నియమం ఒక్కటే. ప్రతి అభిప్రాయం పక్కన నిమిషం, సెకను ఉండాలి. ‘డేవిస్ బాగా వాయించాడు’ చెల్లదు. ‘సింబల్ దెబ్బ పడ్డాక డేవిస్ తొందరపడడు, ఆ మోత చల్లారేదాకా తక్కువ స్వరాలతోనే గడుపుతాడు’ చెల్లుతుంది. ఎదుటివాళ్ళు అక్కడికి వెళ్ళి విని, కాదనవచ్చు. కాదనడానికి వీలున్నదే అభిప్రాయం.

నచ్చనిదానికీ ఇదే నియమం. డేవ్ బ్రూబెక్ బృందం ‘టేక్ ఫైవ్’లో నాకు శాక్సోఫోన్ రాగం వినీ వినీ అరిగిపోయింది. అయినా పాట మధ్యలో జో మొరెల్లో డ్రమ్స్ సోలో దగ్గర ప్రతిసారీ ఆగుతాను. కింద పియానో ఐదు బీట్ల లెక్కను, మూడు, రెండుగా, విడవకుండా వాయిస్తూంటే, ఆయన పైన పెద్ద పెద్ద ఖాళీలు వదులుతాడు. డ్రమ్స్ సోలో రాగానే ముందుకు జరిపేసే అలవాటు మీకుంటే, ఈ పాటలో అసలు సరుకునే జరిపేస్తున్నారు.

7. పాత శబ్దానికి చెవిని అలవాటు చేయండి

1920ల రికార్డింగు పెట్టగానే ‘ఇదేంటి, గరగర’ అని ఆపేసేవాళ్ళే ఎక్కువ. మూడు రోజులు ఓపిక పట్టండి. చెవి గరగరను తీసి పక్కన పెట్టేస్తుంది.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ పెట్టండి. 1928 జూన్ 28 నాటిది. మొదటి పది పన్నెండు సెకన్లు ట్రంపెట్ ఒక్కటే, లెక్కకు అందదు. అందాలని చూడకండి. తర్వాత 12 బార్ల చుట్లు ఐదు వస్తాయి: బృందం, ట్రాంబోన్, క్లారినెట్‌కు జవాబుగా ఆర్మ్‌స్ట్రాంగ్ మాటల్లేని పాట, ఎర్ల్ హైన్స్ పియానో, మళ్ళీ బృందం. చివరి చుట్టు మొదట్లో ట్రంపెట్ పైన ఒకే స్వరాన్ని పట్టుకుని దాదాపు నాలుగు బార్లు వదలదు. ఆ నాలుగు బార్లూ మీరు లెక్కపెడుతూ ఉంటే ఊపిరి మీదే బిగపట్టుకుంటుంది. లెక్కపెట్టకపోతే అది ఉత్త పొడుగాటి స్వరం.

అప్పటి పాటలన్నీ మూడు నిమిషాలకే ఎందుకు ఆగిపోతాయని అడుగుతారు. పది అంగుళాల డిస్కు ఒక వైపున అంతే పట్టేది. ఆ ఇరుకు వల్లే వాటిలో వృథా తక్కువ. తర్వాత వచ్చిన లాంగ్ ప్లే రికార్డుల్లో ఒక్కోసారి అందరూ అవసరానికి మించి మాట్లాడారని నా ఫిర్యాదు.

8. ఏ కూర్పు వింటున్నారో చూసుకోండి

ఆన్‌లైన్‌లో ఒకే పాట పది రకాలుగా దొరుకుతుంది. తేదీ, వాయించినవాళ్ళ పేర్లు, ఎన్నో టేకు, ఈ మూడూ చూడకుండా తీర్పు ఇవ్వకండి. ఆల్బమ్ చివర అతికించిన అదనపు టేకులను మొదటిసారి వినేటప్పుడు వదిలేయండి. అవి పక్కన పెట్టిన ప్రయత్నాలు. పోల్చడానికి బంగారం, మొదటి పరిచయానికి గందరగోళం.

‘కైండ్ ఆఫ్ బ్లూ’ విషయంలో ఇంకో చిక్కు. 1959 మార్చి 2న రికార్డు చేసిన మొదటి మూడు పాటల టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో తిప్పేసరికి పాత ముద్రణల్లో ఆ మూడూ ఉండాల్సినదానికంటే కొంచెం పై శ్రుతిలో వినిపిస్తాయి. 1992లో సరిచేశారు. కాబట్టి పాత రికార్డూ కొత్త కూర్పూ పక్కపక్కన పెట్టి ‘శ్రుతి కలవడం లేదేంటి’ అనిపిస్తే మీ చెవి సరిగ్గానే పనిచేస్తోంది.

ఎంత విన్నా ఎక్కకపోతే

పక్కన పెట్టేయండి. ఆరు నెలలాగి మళ్ళీ రండి. ఆర్నెట్ కోల్‌మన్ ‘ఫ్రీ జాజ్’ నన్ను రెండేళ్ళు తలుపు బయటే నిలబెట్టింది. అందులో లెక్కపెట్టడానికి చుట్టు ఉండదు, ఎనిమిదిమంది ఒకేసారి మాట్లాడతారు. నాకు దారి చూపింది ఒక చిన్న ఉపాయం. స్టీరియోలో ఎడమవైపు ఒక నలుగురు, కుడివైపు ఒక నలుగురు ఉంటారు. ఒక చెవి హెడ్‌ఫోన్ తీసేసి ఎడమ నలుగురినే వినండి. మర్నాడు కుడి నలుగురిని. మూడో రోజు రెండూ కలపండి. గోలగా ఉన్నది సంభాషణ అవుతుంది. కాకపోతే మీకది నచ్చలేదని నిశ్చింతగా అనేయండి, మీ దగ్గర సాక్ష్యం ఉంది.

చివరి పరీక్ష

డ్యూక్ ఎలింగ్టన్ బృందం 1956 జూలై 7న న్యూపోర్ట్ ఉత్సవంలో వాయించిన ‘డిమిన్యుయెండో అండ్ క్రెసెండో ఇన్ బ్లూ’ తీసుకోండి. 1999లో వచ్చిన కూర్పే వినండి. 1956లో అమ్మిన రికార్డులో చాలా భాగం తర్వాత స్టూడియోలో వాయించి అతికించినది. పైగా ఆ రాత్రి పాల్ గోన్సాల్వెస్ రికార్డు కంపెనీ మైకు ముందు కాక రేడియోవాళ్ళ మైకు ముందు నిలబడి వాయించాడు, అందుకే పాత రికార్డులో ఆయన శాక్సోఫోన్ ఎక్కడో దూరంగా వినపడుతుంది. కొత్త కూర్పులో రేడియో టేపును కూడా కలిపారు.

మధ్యలో బృందమంతా ఆగి, గోన్సాల్వెస్ ఒక్కడే టెనర్‌తో ముందుకొస్తాడు. వెనక బేస్, డ్రమ్స్, అప్పుడప్పుడు ఎలింగ్టన్ పియానో. బ్లూస్, చుట్టుకు 12 బార్లు. ఒక్కో చుట్టుకు ఒక్కో గీత చొప్పున గీస్తూ పోండి. జనం కేకలు పెరుగుతాయి, వేదిక దగ్గర ఎవరెవరో అరుస్తుంటారు, మీ చేయి తడబడుతుంది. బేస్‌ను వదలకండి.

ఆయన ఆపేసరికి మీ కాగితం మీద 27 గీతలుండాలి. నాకు మొదటిసారి 25 వచ్చాయి, రెండోసారి 28.